ఆరో మెట్టు మీద పాట

ఎండ నిప్పులు చెరుగుతోంది. మేడమీద గుమ్మడి వడియాలు పెట్టి, కిందికొచ్చి కాఫీ కలుపుకుంటున్నాను. ఉన్నట్టుండి ఉరిమింది. ఆ వెనకే జడివాన చప్పుడు. గ్లాసు వదిలేసి, చీర ఎగదోపుకుని మెట్లన్నీ రెండంగల్లో ఎక్కాను. చూస్తే ఆకాశంలో మబ్బుతునక లేదు. వడియాలు నన్ను చూసి నవ్వుతున్నట్టు తెల్లగా మెరిసిపోతున్నాయి. వాన మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఎక్కడో గంట కూడా మోగుతోంది.

ఆ వాన మా అక్కయ్య కొడుకు గదిలో కురుస్తోంది!

వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. కిందటేడు మా బావగారు పోయారు. అప్పట్నించీ వాడు మాట్లాడ్డం తగ్గించేశాడు. "కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకోవే, విజయనగరం గాలి తగిల్తే మనిషవుతాడేమో" అని అక్కయ్య పంపింది. వచ్చాడన్న మాటేగానీ, తలుపు వేసుకుని ఆ స్పీకరుతోనే కాపురం. వాన వెలిశాక గిటారు మీద మూడు దెబ్బలు పడ్డాయి. ఇంట్లో ఇత్తడి బిందెలు కూడా ఉలిక్కిపడ్డాయి.

"ఏటిరా ఈ గోల?" అన్నాను తలుపు తోసి.

"పాట, పిన్నీ. హెవీ మెటల్ అంటారు."

"లోహపు పాటా? ఇందులో పాటెక్కడుందిరా?"

"నీకర్థం కాదులే" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా మనుషుల మనసుల గురించి నవలలు రాస్తున్నదాన్ని. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

మా వీధి చివర ఒక మామ్మగారున్నారు. ఈ ఊరి సంగీత కళాశాలలోనే చదువుకుని, వీణ నేర్పుతూ తల పండినావిడ. నా మొర వినిపించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ జాలిపడలేదు సరికదా, "ఆ మూడు దెబ్బలూ ఏ స్వరాలమ్మా?" అనడిగారు. బి.ఏ. చదివినదాన్ని, స్వరాల లెక్క నాకేం తెలుస్తుంది? వచ్చినట్టు కూనిరాగం తీశాను. ఆవిడ ఒళ్లో బొబ్బిలి వీణ పెట్టుకుని, రెండుసార్లు తడిమి, మూడోసారి పట్టేశారు.

"కింది షడ్జమం, పై షడ్జమం, అక్కణ్నించి దిగి ప్రతి మధ్యమం. అక్కడే నిలబెట్టి వణికించాడు. కుర్రాణ్ని తీసుకురా" అన్నారు.

సాయంత్రం వాణ్ని బతిమాలి తీసుకెళ్లాను. మామ్మగారు ఒక్క మాటా మాట్లాడకుండా ఆ మూడు స్వరాలూ వీణ మీద మీటారు. వాడి కళ్లు ఇంతింతయ్యాయి. ఏడాదిగా తెరవని నోరు తెరిచి, ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు తనే చెప్పాడు.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఇనుము, ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు లోహపు రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. 1965లో, ఇక రేపట్నించీ పనికి రానక్కర్లేదన్న ఆఖరి రోజున, యంత్రం కిందపడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. తీగలు నొక్కవలసిన చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నని తీగలు వేసుకుని మళ్లీ మొదలెట్టాడు. తర్వాత్తర్వాత తీగల్ని సడలించి, శ్రుతి దించి వాయించాడు. ఆ బరువైన నాదానికి అదీ ఒక కారణం. 1970 ఫిబ్రవరిలో బ్లాక్ సబ్బాత్ అనే వాళ్ల బృందం అదే పేరుతో రికార్డు విడుదల చేసింది. అందులో మొదటి పాట పేరూ అదే. వాన, ఉరుము, గంట, ఆ మూడు స్వరాలు. తన ముందు నల్లటి ఆకారం నిలబడితే వణికిపోయే మనిషి పాట అది.

"వేళ్లు తెగినా తీగ వదల్లేదన్నమాట" అన్నారు మామ్మగారు మెల్లిగా. "మా కాలేజీ కథా అలాంటిదే నాన్నా."

1919లో విజయరామ గజపతి మహారాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఒక పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న తలపుతోనే అది మొదలైందని ఊళ్లో చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాయులీనం విని అధ్యాపకుడిగానే వేసుకున్నారట. ఆయనకు చిన్నప్పట్నించీ చూపు మందం. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్ చేత ఒంటరిగా కచేరీ చేయించిన మహానుభావుడాయన. ఘంటసాలగారు ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్నారు. ఆకలికీ, అంగవైకల్యానికీ స్వరం ఎప్పుడూ దూరపు చుట్టం కాదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ మూడో స్వరంలో అంత భయం ఎందుకుంది? అదే అడిగాను.

మామ్మగారు వీణ మెట్లు చూపించారు. వీణకు ఇరవైనాలుగు మెట్లు, రెండు స్థాయిలు. వట్టి తీగ మీటితే షడ్జమం. పన్నెండో మెట్టు మీద పై షడ్జమం. ఏడో మెట్టు పంచమం, అయిదోది శుద్ధ మధ్యమం. ఆ రెండింటికీ నడుమ ఆరో మెట్టు మీద ఉంటుంది ప్రతి మధ్యమం. కింది నుంచి లెక్కపెట్టినా ఆరే, పై నుంచి లెక్కపెట్టినా ఆరే. అంటే రెండు షడ్జమాలకూ సరిగ్గా సమదూరం. ఏ ఇంటికీ దగ్గర కాదు.

"ఇంకో లెక్క ఉంది మామ్మగారూ" అన్నాడు మావాడు హుషారుగా. షడ్జమం రెండుసార్లు కంపిస్తే పంచమం మూడుసార్లు కంపిస్తుంది. శుద్ధ మధ్యమానికైతే మూడుకు నాలుగు. అందుకే అవి షడ్జమంతో పాలూ నీళ్లలా కలిసిపోతాయి. ప్రతి మధ్యమానికి వచ్చేసరికి లెక్క ముప్ఫైరెండుకు నలభైఅయిదు! ఎక్కడా సర్దుకోదు. చెవి "తర్వాతేమిటి, తర్వాతేమిటి" అని ఎదురు చూస్తూనే ఉంటుంది. యూరపు వాళ్లు దీనికి "సంగీతంలో సైతాను" అని పేరు పెట్టారు. 18వ శతాబ్దం తొలినాళ్ల రాతల్లో ఆ పేరు కనిపిస్తుంది. మధ్యయుగాల్లో చర్చి దీన్ని నిషేధించిందని కథలు కథలుగా చెబుతారు గానీ, అలాంటి నిషేధానికి దాఖలా ఏదీ లేదట.

"సైతానెందుకవుతుందర్రా?" అని మామ్మగారు నవ్వారు. 17వ శతాబ్దంలో వేంకటమఖి "చతుర్దండి ప్రకాశిక"లో 72 మేళాల పద్ధతి చెప్పాడు. అందులో సగం, అంటే 36 మేళాలకు, ఈ ప్రతి మధ్యమమే ప్రాణం. అరవైఅయిదో మేళం కల్యాణి. పెళ్లివారింటి రాగం! నలభైఅయిదోది శుభపంతువరాళి. అందులోనూ మధ్యమం ఇదే. రిషభ, గాంధార, ధైవతాలు మాత్రం మెట్టు దిగుతాయి. అంతే, పెళ్లిపందిరి కాస్తా కన్నీళ్ల గది అయిపోతుంది. స్వరం ఒక్కటే, ఇరుగుపొరుగు మారారు. ఆడపిల్ల అత్తవారింట్లో ఎలా ఉంటుందన్నది ఆ ఇంట్లో వాళ్లను బట్టి కాదూ?

"సాలూరు రాజేశ్వరరావు మన సాలూరు వైపువాడే. 'మల్లీశ్వరి'లో, 1951లో, భానుమతి చేత 'మనసున మల్లెల' పాడించాడు. అది కల్యాణే. చాన్నాళ్లకు కలుసుకున్న మనిషి పక్కనుంటే గుండెలో కలిగే ఆ మెత్తదనానికి ఈ స్వరమే ఊపిరి" అన్నారు.

తర్వాత ఆవిడ ఒక పని చేశారు. పక్కనుండే మూడు తాళపు తీగల్నీ ముట్టుకోకుండా ఆరో మెట్టు మీద తీగ మీటి వదిలారు. గది మూల ఏదో నిలబడినట్టు నాకే ఒళ్లు జలదరించింది. మళ్లీ అదే మెట్టు, అదే తీగ. ఈసారి చిటికెనవేలితో తాళపు తీగలు కూడా మీటారు. వాటిలో పంచమం ఉంది. అంతే, ఆ స్వరం పంచమం భుజం మీద తల ఆన్చినట్టయింది. భయం పోలేదు గానీ, తోడు దొరికింది.

"నీ పాటవాడు పంచమాన్ని రానివ్వడు బాబూ. ఇల్లు చేరనివ్వడు. ఎందుకో?" అన్నారు.

మావాడు చాలాసేపు మెట్ల వంకే చూశాడు.

"అందుకే వింటాను మామ్మగారూ" అన్నాడు చివరికి. "నాన్న పోయిన రాత్రి హాస్పిటల్ వరండాలో నిలబడ్డాను. లోపలికి వెళ్లలేను, ఇంటికీ వెళ్లలేను. ఆ రోజు నుంచీ అందరూ తేరుకో, తేరుకో అంటున్నారు. ఈ పాట ఒక్కటే ఆ మాట అనదు. నాతోబాటు అక్కడే నిలబడుతుంది."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మామ్మగారు మాత్రం బెదరలేదు. "నిలబడనీ నాయనా. ఎవరూ లాగక్కర్లేదు. పక్కన పంచమం మీటుతూ ఉంటే చాలు" అన్నారు.

నెలరోజులు మా మధ్య గోడ ఉందనుకున్నాను. వాడు దుఃఖం ఇక్కడుందని మెట్టు నంబరుతో సహా స్పీకరు పెట్టి చెబుతూనే ఉన్నాడు. నాకే ఆ భాష రాక గోల అనుకున్నాను. తలుపు వేసుకున్న పిల్లలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ఆ పాట మీకు నచ్చక్కర్లేదు, నాకూ ఇప్పటికీ నచ్చదు. ఏ స్వరం దగ్గర ఆగుతోందో ఒక్కసారి అడిగి చూడండి.

మర్నాడు మళ్లీ వాన, గంట, ఉరుము. నేను కాఫీ గ్లాసుతో నిదానంగా వెళ్లి వాడి గదిలో కూర్చున్నాను. మూడో దెబ్బ పడ్డాక వాడు నావైపు చూసి, పాట ఆపకుండానే, "పిన్నీ, ఇవాళ నిజంగానే మబ్బేసింది. వడియాలు!" అన్నాడు.

ఇద్దరం కలిసి మేడమీదికి పరిగెత్తాం.