ఈ కొండలు దాటి పోనివి

మంట ఎగదొయ్యి అబ్బీ, చలి ముదురుతాండాది. చూసి ఎయ్యి, అందులో ఎర్రచందనం తుంట గానీ ఉంటే ఫారెస్టోళ్లు మనల్నే ఎత్తుకపోతారు! మా చిన్నప్పుడు ఇంటి గుంజలకు, మడక కొయ్యలకు అదే వాడేటోళ్లు. ఎవురికీ లెక్కలేదు.

దేశంలో ఇన్ని కొండలుండగా ఆ చెట్టు తనంతట తాను మొలిచేది మన కడప, చిత్తూరు, నెల్లూరు చుట్టుపక్కల కొండల్లోనే. ఎందుకంటావా? కాయ చుట్టూ పల్చటి రెక్క ఉంటాది, గాలికి ఎగురుతాది. ఎగిరి పడినచోటల్లా బతకాల గదా! దానికి రాతినేల కావాల, ఎండ కావాల, నీళ్లు నిలిస్తే సరిపడదు. ఆ సుఖం దానికి ఈ కొండల్లోనే.

బడిలో అయివారుగా ఉన్నప్పుడు పిల్లోళ్లకు అట్లాసు తెరిచి ఇదే చెప్పేవాణ్ణి. ఏ చెట్టు యాడ, ఏ జంతువు యాడ అని చూస్తే భూమి పాత కథంతా బయటపడతాది. మన శేషాచలం కొండల రాతిసందుల్లో బంగారు బల్లి ఉండాది. మద్రాసు ఫారెస్టు దొర బెడ్డోమ్ 1870లో దాన్ని లోకానికి చెప్పినాడు. ఆ బల్లికి సొంత చుట్టం లోకం మొత్తానికి ఒకటే, అది శ్రీలంకలో! నడుమ సముద్రం, బల్లి ఈదలేదు. అయితే ఆ సముద్రం లోతు తక్కువ. మంచుయుగాల్లో నీళ్లు 120 మీటర్ల దాకా దిగిపోయినప్పుడు రెండూ ఒకే నేల.

అదే ఇండోనేషియా చూడు. బాలికీ లంబోక్‌కూ నడుమ 35 కిలోమీటర్లే, కానీ మహా లోతు. నీళ్లెంత దిగినా అక్కడ నేల తేలలేదు. 1856లో జంతువుల్ని వెతుకుతా తిరిగే వాలెస్ దొర పడవలో దాటితే లంబోక్‌లో ఆస్ట్రేలియా తట్టు కాకతువాలు కనపడినాయంట, బాలిలో అవి లేవు. దూరం కాదమ్మీ, లోతు అడ్డం పడింది.

ఇంక మన కలివి కోడి అనే పక్షి సంగతి. 1848లో జెర్డన్ అనే కంపెనీ డాక్టరు వల్ల అది లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవురి కంటా పడక, పోయిందనే అనుకున్నారు. పగలు కలివి ముళ్లపొదల్లో నక్కి రాత్రి తిరిగేదాన్ని దొరలు పగలు వెతికితే దొరుకుతాదా? 1986 జనవరిలో లంకమల కొండ దిగువన రెడ్డిపల్లె తట్టు ఒక వేటగాడు రాత్రిపూట లైటు ఏసి ఒకదాన్ని పట్టినాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పరుగున వచ్చినారు. పాపం, ఆ పక్షి బతకలేదు గానీ జాతి ఉందని తేలింది. చదువుకున్నోళ్ల కన్నా వాడికే అడవి తెలుసు, నన్నడిగితే.

దట్టమైన అడవి దానికి పనికిరాదు. అక్కడక్కడా పొద, నడుమ పరిగెత్తను వట్టి నేల. అట్లాంటి చోటును జనం బీడంటారు, గుంతలు తీస్తారు, కాలవ తవ్వుతారు. తెలుగుగంగ కాలవ ఆ తావుల్లోకి వస్తే, ఆ పక్షి కోసమని దారి మళ్లించినారు.

లంకమల తట్టు గొర్లు తోలుకపోతే మీరు కూడా ఆ కలివి పొదలు నరకొద్దండి రా.