‘వ’కు కొమ్ము ఎక్కడ పెట్టాలి?

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రండి. వెనక గోడ దగ్గర, గణితం కిట్టు పెట్టె పక్కన కాస్త చోటుంది. అక్కడ కింద కూచోండి. కుర్చీలో కూచుంటే ఒకటో తరగతి కనబడదు. పిల్లల కళ్లు ఎంత ఎత్తున ఉంటాయో మన కళ్లూ అంత ఎత్తునే ఉండాలి. ఇక్కణ్నుంచి చూడండి, టీచరు రాసే బోర్డు ఎంత పైనుందో. అందుకే గోడ కింది భాగానికి, నేల నుంచి మూడడుగుల దాకా, చుట్టూ నల్లరంగు వేయించి గళ్లు గీయించారు. అది పిల్లల బోర్డు. ఒక్కొక్కరిది ఒక్కో గడి. శనివారం నాటి సుద్దగీతలు ఇంకా ఉన్నాయి.

నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక లంబాడీ తండా ఇది. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టంతో గ్రామపంచాయతీలైన తండాల్లో ఇదీ ఒకటి. నవంబరు నెల. బడి ప్రహరీ అవతల పత్తిచేలన్నీ పగిలి తెల్లగా ఉన్నాయి. సోమవారం, తొమ్మిది దాటింది. బయట ప్రార్థన నడుస్తోంది.

ఐదో తరగతి అమ్మాయి ప్రతిజ్ఞ చెప్పిస్తోంది. పెద్ద పిల్లలు ఒక్క గొంతుతో అంటున్నారు. ఒకటో తరగతి వరసను వినండి: వాక్యం మొదలు, మధ్య గాలికి వదిలేసి చివరి రెండక్షరాలు మాత్రం అందరికంటే గట్టిగా అంటారు. ఈ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు ఈ జిల్లాలోని అన్నెపర్తివారే. 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. ఆ తరువాతే అది దేశమంతటి బడులకూ చేరింది. ఈ వరసలో నిలబడ్డ పిల్లల ఇంటిభాష మాత్రం తెలుగు కాదు, లంబాడీ. దానికి సొంత లిపి లేదు. బడిలో కాలుపెట్టిన రోజునే వీళ్ల నెత్తిన రెండు పనులు పడతాయి. కొత్త భాష మాట్లాడాలి, మాట్లాడటం రాకముందే దాన్ని చదవాలి కూడా. ఇంటికి కూతవేటు దూరంలోని బడికి వస్తూ ఇంత బరువు మోసే ఆరేళ్ల పిల్లలంటే నాకు గౌరవం.

వస్తున్నారు, కాళ్లు ముడుచుకోండి. ఓ పదిహేనుమంది ఒకటో తరగతి, ఇంచుమించు అంతేమంది రెండో తరగతి. రెండిటికీ ఇదే గది, ఇదే టీచరు. కిటికీ వైపు చాపలు ఒకటో తరగతివి. సగంమందికి ముందుపళ్లు లేవు. ‘స’ అనమంటే ఆ సందులోంచి గాలి వస్తుంది. ఈ వయసులో ఉచ్చారణ దిద్దబోవడం పిల్లలకు అన్యాయం. టీచరు పేర్లు పిలుస్తోంది. ఒక పేరు దగ్గర జవాబు పక్క చాప నుంచి వచ్చింది.

“పత్తికి పోయిండు టీచర్. వాళ్లమ్మతోని.”

టీచరు ఏమీ అనలేదు. రిజిస్టరులో చుక్క పెట్టి బొమ్మ అట్ట తీసింది. బావి, గిలక, తాడు, చెట్టు కింద మేకలు, పక్కన ఆవు. “ఏమేం కనబడుతున్నయ్ బిడ్డా?”

కేకలు మొదలయ్యాయి. అందరూ మేకల మీదే పడ్డారు. కిటికీ కింద ఎర్రరిబ్బన్ల పాపను చూడండి. నోరు తెరవలేదు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచీ ఆ పాప తెలుగులో గట్టిగా పలికింది తక్కువ. టీచరు అట్ట పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చి, మోకాళ్ల మీద కూచుని, ఆగింది. ఎంతసేపు ఆగుతుందో చూడండి. పెద్దవాళ్లమెవరమూ అంతసేపు ఆగలేం. మధ్యలో మనమే జవాబు చెప్పేస్తాం.

“పాణి,” అంది పాప బావిలో వేలు పెట్టి.

రెండో తరగతి పిల్లాడొకడు పకపక నవ్వాడు. “టీచర్, ఆమెకు తెలుగు వస్తలేదు!”

“పాణి ఉన్నది. మంచిగ చెప్పింది,” అంది టీచరు ఆ నవ్వు వైపు తిరక్కుండానే. “మీ ఇంట్ల నీళ్లు ఎవరు పడతరు బిడ్డా?”

“యాడి.” అమ్మ.

“ఎక్కడ పడతది?”

“నల్ల కాడ.” తరువాత ఏం తోచిందో, పాప లేచి నిలబడి బిందె ఎత్తి చంకలో పెట్టుకున్నట్టు చేసి చూపించింది. ఇక గది ఆగలేదు. మా నల్లకు పొద్దుగాలనే వస్తయ్. మా బోరు ఎండింది. మా తాత బోరునీళ్లు తాగి తాగి పండ్లు పచ్చగైనయ్, మోకాళ్లు వంగినయ్. ఫ్లోరైడు నీళ్లతో నల్గొండ ఎముకలు ఎన్నేళ్లు కుంగాయో ఇక్కడ ఏ పుస్తకమూ విప్పకుండానే ఆరేళ్ల పిల్లాడు చెప్పేశాడు. రెండు భాషలూ కలిసిపోయాయి. టీచరు వింటూ, మధ్య మధ్య ఒక్క మాట తెలుగులో అందించి తప్పుకుంటోంది. అరగంట గడిచింది. పలక మీద ఒక్క గీత పడలేదు.

పైనుంచి ఎవరైనా తనిఖీకి వచ్చి ఉంటే పాఠం ఇంకా మొదలు కాలేదని రాసుకునేవారు. నా లెక్కలో ఈ వారానికంతటికీ ఇదే పాఠం. నోట్లోకి రాని మాటను చేతితో రాయిస్తే అది బొమ్మ గీయడమే అవుతుంది. చాలా బళ్లలో జూన్ నుంచే దస్తాలకు దస్తాలు ‘అ ఆ’లు దిద్దిస్తారు, ఆ పిల్లలు దసరా దాటినా మూడక్షరాల మాట కూడబలుక్కోలేరు. వాళ్లకు బుర్ర లేక కాదు. మాట ముందు పెట్టకుండా అక్షరం పెట్టారు.

మంగళవారం. నిన్న నోటినిండా ఆడిన మాటలే ఇవాళ బోర్డు మీదికొచ్చాయి: బావి, తాడు, మేక, ఆవు. నీళ్లు అన్న మాటను టీచరు పక్కన పెట్టింది. అందులో ఒత్తుంది, దాని రోజు ఇంకా రాలేదు. ‘బావి’ని విడదీసింది. “బకు ఏం పెట్టినం?” “దీర్ఘం!” “వకు?” “గుడి!” తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం. పిల్లలు వేళ్లతో గాలిలో గీస్తూ పాడుతున్నారు. ‘గుడి’ దగ్గర అందరి చేతులూ తల మీద గోపురం కట్టాయి.

ఇప్పుడు పలకలు. “ఆవు” రాయమంది. ముందుకు వంగి చూడండి. ముప్పాతిక పలకల మీద కనబడుతున్నది ఆవు కాదు. ‘ఆమ’. ఎందుకంటే కకు కొమ్ము కుడిపక్కన పెట్టారు, తకు పక్కనే, డకు పక్కనే. వకు కూడా పక్కనే పెట్టేశారు. వ పక్కన ఆ కొమ్ము చేరిందా, మ తయారవుతుంది. ఇందులో పిల్లల తప్పు ఏముంది? నేర్చిన సూత్రాన్ని నమ్మకంగా వాడారు. లిపే ఇక్కడ దారి మార్చుకుంది: పకు, వకు కొమ్ము కింది నుంచి మొదలవుతుంది, పక్కనున్న అక్షరంతో తగవు రాకుండా.

టీచరు ఎర్రసుద్ద తీసి దిద్దలేదు. ఒక పిల్లాడి పలకను ఎర్రరిబ్బన్ల పాపకిచ్చింది. “చదువు బిడ్డా.”

పాప వేలు పెట్టి, “ఆ... మ,” అంది.

“ఆమ కాదు, ఆవు!” పిల్లాడు ఎగిరాడు. “నేను ఆవు రాసిన!”

“ఆమ,” అంది పాప మళ్లీ. గొంతు చిన్నదే కానీ ఈసారి తగ్గలేదు. ఇద్దరూ టీచరు వైపు చూశారు. టీచరు గోడ బోర్డు మీద వ రాసి, కొమ్ము పక్కన పెట్టి చూపింది, చెరిపి కింద పెట్టి చూపింది. గదిలో “ఓ...” అని ఒక పెద్ద మూలుగు. ఎవరి పలక వాళ్లు ఉమ్మితో తుడిచేస్తున్నారు. తడిబట్ట ఇచ్చినా ఎవరూ వాడరు. ఆ మధ్యాహ్నం వరకూ ఎక్కడ చోటు దొరికితే అక్కడ, చాపల పక్క మట్టిలో, చేతి మీద, ఆవులే ఆవులు.

బుధవారం వంట వాసనతో మొదలవుతుంది. ఆకుకూర పప్పు, గుడ్డు. ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని లెక్క. ఆ లెక్క మీద నాలుగు మెతుకులు ఎక్కువే వేసే వంటక్కలు ఇక్కడున్నారు. పళ్లెం ముందు కూచున్న ఈ పిల్లల్లో కొందరి అమ్మానాన్నలు హైదరాబాద్‌లో ఆటో నడుపుతూనో, మేస్త్రీ పనుల్లోనో ఉన్నారు. ఇంట్లో ముసలమ్మ ఒక్కతే. ఒక పాప గుడ్డును రెండు ముక్కలు చేసి సగం కాగితంలో చుట్టుకుంది. అంగన్‌వాడీలో ఉన్న తమ్ముడికట. “వాడికి అక్కడ ఇస్తరు బిడ్డా, నీది నువ్వు తిను,” అంటే తలూపి, చుట్టింది విప్పలేదు. టీచరు మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం ఇంగ్లీషు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది కాబట్టి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పిల్లలు రెండు పేజీల్లోనూ ముందు బొమ్మలే చదువుతారు. ఇంటి లంబాడీ ఏ పేజీలోనూ లేదు. కనీసం మొదటి తరగతికైనా ఆ మాటలతో నాలుగు బొమ్మల పుస్తకాలు ఈ చాపల మీద ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అవి లేనిచోట టీచరు చెవే ఆ పుస్తకం కావాలి.

గురువారం పత్తికి పోయిన పిల్లాడు తిరిగొచ్చాడు. చేతుల నిండా పత్తికాయ గీసిన గీతలు. ఎక్కడ కూచోవాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డాడు. టీచరు “దా నాన్నా, లెక్కలకు నువ్వే కావాలె,” అంది.

ఇరవై ఒకటి రాయమన్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. 201. ఇంకో పలక, 201. మరొకటి, అదే. ఇరవై విన్నారు, 20 వేశారు. ఒకటి విన్నారు, 1 చేర్చారు. చెవికి నిజాయితీగా ఉన్నారు పాపం. టీచరు చీపురుపుల్లల కట్టలు పంచింది, కట్టకు పది. రెండు కట్టలు, ఒక పుల్ల. కొందరికి వెలిగింది, కొందరికి లేదు. పత్తి నుంచి వచ్చినవాడు మాత్రం పుల్లల జోలికి పోలేదు.

“రెండు పది నోట్లు, ఒక రూపాయి బిళ్ల,” అని 21 వేశాడు. పత్తి తూకం దగ్గర అమ్మ పక్కన నిలబడి కూలీ డబ్బులు లెక్కపెట్టడం చూసిన పిల్లాడు. టీచరు వెంటనే పుల్లలు పక్కనపెట్టి, కాగితం ముక్కల మీద పది అని రాసి పంచేసింది. తయారుచేసుకున్న పాఠాన్ని ఒక పిల్లాడి మాట కోసం మధ్యలో మార్చుకోగలగడం, నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

శుక్రవారం గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఆ లేకపోవడమే చెప్పాలి. రెండో ఉపాధ్యాయుడు మీటింగుకు వెళ్లాడు. ఐదు తరగతులూ వరండాలో, టీచరు ఒక్కతే. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవైమంది లోపు పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు. కాగితం మీద ఈ బడికి లోటు లేదు. కానీ తరగతులు ఐదు. ఇద్దరూ ఉన్న రోజునే ఒకరు రెండు తరగతులు, మరొకరు మూడు లాగాలి. ఒకటో తరగతి అందులో మొదట నష్టపోతుంది, ఎందుకంటే వాళ్లకు ‘మీరే చదువుకోండి’ అనే మాట పనికిరాదు. ఆ రోజు ఐదో తరగతివాళ్లు కథ చదివి వినిపించారు. ఒకటో తరగతివాళ్లు విన్నారు, కొంతసేపు తొక్కుడుబిళ్ల ఆడారు, ఇద్దరు నిద్రపోయారు.

శనివారం. 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు పద్ధతిలో ఐదు రోజులు బోధన, ఆరో రోజు ఎవరికి ఎంత వచ్చిందో చూడటం. టీచరు చాప మీద కూచుని ఒక్కొక్కరినే పిలుస్తోంది. ముందు ఒక అట్ట పెడుతుంది. మిగతావాళ్లు గోడబోర్డు దగ్గర ఇష్టమొచ్చిన మాట రాసుకోవచ్చు.

ముందుపళ్లు లేని పిల్లాడి వంతు. “త... ల.” ఆగాడు. మళ్లీ “త... ల.” రెండక్షరాలూ వచ్చు, రెండిటి మధ్య గోడ ఉంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. టీచరు అందివ్వలేదు. “తల!” అని అరిచి రెండు చేతులతో తన తల పట్టుకున్నాడు. ఇంతవరకు అట్ట మీద ఉన్నది తన మెడ మీద ఉన్నదేనని ఇప్పుడే తెలిసింది మరి. రిజిస్టరులో అతని పేరు ఎదురుగా ఒక టిక్కు పడింది. ఎర్రరిబ్బన్ల పాపకు బావి, మేక వచ్చాయి, తాడు దగ్గర తడబడింది. ఆ గడిలో ‘ఇంకా సాధన’ అని పడింది. ఆమె నోరు ఈ వారం ఎంత దూరం నడిచిందో రాయడానికి అందులో గడి లేదు.

గోడ వైపు గొడవ వినబడుతోందా? పత్తి నుంచి వచ్చిన పిల్లాడు తనకు బాగా తెలిసిన మాట రాశాడు. బరువు. మంగళవారం వాడు లేడు కదా, కొమ్ము పక్కనే పెట్టాడు. ఎర్రరిబ్బన్ల పాప అతని మోచెయ్యి పట్టుకుంది.

“బరుమ రాసినవ్!”

“బరువే!”

“కాదు. ఈడ కాదు, కింద!” మిగిలిందంతా లంబాడీలో, గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. అతని చేతిలోని సుద్ద లాక్కుని వ రాసింది, కింద కొమ్ము పెట్టింది, పక్కన మ కూడా రాసి రెండూ చదివి వినిపించింది. అతను ఒప్పుకోలేదు. కకు పక్కన పెట్టమని, వకు మాత్రం కింద ఎందుకని అడుగుతున్నాడు. పాప దగ్గర దానికి జవాబు లేదు. అతని చెయ్యి పట్టుకుని టీచరు చాప దగ్గరికి లాక్కెళుతోంది.