రీలు డబ్బా ఎవరి చేతికి?

హారర్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్లకి లెదర్‌ఫేస్‌ని పరిచయం చేయనక్కర్లేదు. మొహానికి తోలు మాస్కు, చేతిలో చెట్లు కోసే రంపం మిషన్. ఆ వేషం కట్టిన నటుడు గన్నర్ హాన్సెన్. 1974లో వచ్చిన ‘ద టెక్సస్ చైన్ సా మాసకర్’ అమెరికాలోనే 3 కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేసింది. అందులో హాన్సెన్ వాటాగా చేతికందిన మొదటి చెక్కు ఎంతో తెలుసా? 47 డాలర్ల 7 సెంట్లు.

టికెట్లు కొన్నవాళ్ల డబ్బు థియేటర్లో పడింది. తీసినవాళ్ల దాకా మాత్రం రాలేదు. 1960ల నుంచి 80ల దాకా అమెరికాలో చిన్న బడ్జెట్ హారర్ సినిమా తీసిన చాలామందిది ఇదే కథ. సినిమా ఎలా తీయాలో వాళ్లకి బాగానే తెలుసు. తీశాక డబ్బాలు ఎవరి చేతిలో పెట్టాలన్న దగ్గరే దెబ్బ తిన్నారు.

ఆ రోజుల్లో ఊరవతల కార్లలో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లు అమెరికాలో వేల సంఖ్యలో ఉండేవి. ఒకే టికెట్ మీద రెండు సినిమాలు. హీరో ఎవరని అడిగే దిక్కు లేదు, పోస్టర్ భయపెడితే చాలు. పెద్ద స్టూడియోలకు ప్రతి పెద్ద ఊళ్లో సొంత ఆఫీసులుండేవి. చిన్న నిర్మాతకు అవెక్కడివి? సినిమాని ఒక స్వతంత్ర డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చేవాడు. అతను దాన్ని ప్రాంతాల వారీగా కింది డిస్ట్రిబ్యూటర్లకు పంచేవాడు. మన దగ్గర నైజాం, సీడెడ్, వైజాగ్ అని ఏరియాలు కట్టి బయ్యర్లకు ఇచ్చినట్టే. థియేటర్ వాటా, కింది డిస్ట్రిబ్యూటర్ వాటా, ప్రింట్ల ఖర్చు, పబ్లిసిటీ, పై డిస్ట్రిబ్యూటర్ కమిషన్ అన్నీ పోగా మిగిలింది నిర్మాతకి. మిగిలిందో లేదో చెప్పేది కూడా డిస్ట్రిబ్యూటరే. గ్రాస్ పేపర్లో వేసుకోవడానికి, నెట్ నిర్మాత ఎదురుచూడటానికి.

కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరుంది. అక్కడ సెంట్రాన్ అనే కంపెనీలో బడిపిల్లలకు, ఫ్యాక్టరీలకు పనికొచ్చే చిన్న చిత్రాలు తీసే హెర్క్ హార్వీకి ఒకసారి సాల్ట్ లేక్ సిటీ దగ్గర పాడుబడ్డ సాల్ట్‌ఎయిర్ వినోదశాల కంటబడింది. దాన్ని చూసి పుట్టిన కథే ‘కార్నివల్ ఆఫ్ సోల్స్’. సుమారు 30 వేల డాలర్లతో సినిమా పూర్తి చేసి 1962లో హెర్ట్స్-లయన్ అనే కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీ సినిమాని కత్తిరించి, మరో సినిమాతో జోడీ కట్టి డ్రైవ్-ఇన్‌లలోకి వదిలింది. కొన్నాళ్లకి తనే మూతపడింది. హార్వీ మళ్లీ తన పాఠాల చిత్రాలకే వెళ్లిపోయాడు, ఇంకో పూర్తి నిడివి సినిమా తీయనేలేదు. 1989లో అదే సినిమా మళ్లీ థియేటర్లకొస్తే విమర్శకులు ఆకాశానికెత్తారు.

ఇక పిట్స్‌బర్గ్ బృందం సంగతి. జార్జ్ రొమేరో, అతని మిత్రులు వ్యాపార ప్రకటనలు తీసుకుంటూ బతికేవాళ్లు. పదిమంది తలా 600 డాలర్లు వేసుకుని ‘ఇమేజ్ టెన్’ అని పేరు పెట్టుకున్నారు. ఆపైన మరికొందరి దగ్గర పోగుచేసి, మొత్తం 1 లక్షా 14 వేల డాలర్ల దాకా ఖర్చుపెట్టి, బ్లాక్ అండ్ వైట్‌లో చచ్చినవాళ్లు లేచొచ్చే సినిమా తీశారు. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. 1968 ఏప్రిల్ 4 రాత్రి రొమేరో, నిర్మాత రస్ స్ట్రైనర్ ప్రింటును కారులో వేసుకుని న్యూయార్క్ బయల్దేరారు. మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారన్న వార్త దారిలో రేడియోలో విన్నారు. వాళ్ల కారులో ఉన్న సినిమాలో నల్లజాతి హీరో ఆఖర్న తెల్లవాళ్ల తుపాకీ గుండుకు చనిపోతాడు.

కొలంబియా స్టూడియో వద్దంది. డ్రైవ్-ఇన్ సినిమాలకు పేరుపడ్డ అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్‌కి ఆ ముగింపు నచ్చలేదు, హీరోని బతికించమంది. వీళ్లు ఒప్పుకోలేదు. చివరికి వాల్టర్ రీడ్ సంస్థ ముందుకొచ్చింది. సొంత థియేటర్లున్న సంస్థ, యూరప్ కళాత్మక చిత్రాలు దిగుమతి చేసుకున్న పేరూ ఉంది. ముగింపు జోలికి రామని చెప్పింది. కథను కాపాడుకోవాలనుకున్న దర్శకుడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ స్థానంలో ఎవరున్నా సంతకం పెట్టేవాళ్లే.

సినిమాకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్’. అప్పటికే ‘ద ఫ్లెష్ ఈటర్స్’ అని ఇంకో సినిమా ఉండటంతో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’గా మార్చారు. డిస్ట్రిబ్యూటర్ టైటిల్ కార్డు మార్పించాడు. పాత కార్డు మీద పేరు కింద కాపీరైట్ గుర్తు, సంవత్సరం ఉండేవి. కొత్త కార్డు మీద అవి లేవు, ఎవరూ గమనించలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకుండా విడుదల చేస్తే హక్కు పోయినట్టే. అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లోని ఫుల్టన్ థియేటర్లో తొలి ఆట పడింది. ఆ రోజు నుంచి ఆ సినిమా ఊరందరి సొత్తు. తర్వాత టీవీ స్టేషన్లు వేసుకున్నాయి, వీడియో కంపెనీలు క్యాసెట్లు అచ్చేసుకున్నాయి. నిర్మాతలు డిస్ట్రిబ్యూటర్ మీద కోర్టుకెక్కారు గానీ ఆ సంస్థే దివాలా తీసింది. 1990లో అదే కథను రంగుల్లో మళ్లీ తీయడానికి ఒక కారణం, దాని మీదైనా నాలుగు డబ్బులు కళ్లజూద్దామని. 1999లో అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో ‘లివింగ్ డెడ్’కి చోటు దక్కింది. గౌరవానికి కాపీరైట్ అక్కర్లేదు మరి.

‘టెక్సస్ చైన్ సా’ వాళ్లు ఎంచుకున్న డిస్ట్రిబ్యూటర్ ఇంకో రకం. దర్శకుడు టోబ్ హూపర్, రచయిత కిమ్ హెంకెల్ 1973 వేసవిలో మండుటెండలో సినిమా తీశారు. జీతాలివ్వడానికి డబ్బు చాలక నటులకు, పనివాళ్లకు తమ కంపెనీ వోర్టెక్స్‌లో వాటాలిచ్చారు. ఆ కంపెనీకి సినిమాలో ఉన్నదే సగం. ఆ సగంలో పిసరంత వాటా అన్న మాట. పంపిణీకి బ్రయన్‌స్టన్ అనే న్యూయార్క్ కంపెనీ 2 లక్షల 25 వేల డాలర్ల అడ్వాన్సు, లాభాల్లో 35 శాతం అంది. ఎగిరి గంతేశారు. పైకి చూస్తే మంచి కంపెనీయే. 1974లో అమెరికాలో బ్రూస్ లీ ‘రిటర్న్ ఆఫ్ ద డ్రాగన్’ విడుదల చేసిందీ వాళ్లే. కానీ కంపెనీ పెరైనో కుటుంబానిది. 1972 నాటి అశ్లీల చిత్రం ‘డీప్ థ్రోట్’ డబ్బు వాళ్లదే, న్యూయార్క్ మాఫియాతో సంబంధాలున్న కుటుంబం. ‘చైన్ సా’ దేశమంతా ఆడుతుంటే నిర్మాతలకు చెక్కులు మాత్రం చిన్నచిన్నవే వచ్చాయి. 1976లో ‘డీప్ థ్రోట్’ కేసులో లూయీ పెరైనోని మెంఫిస్ కోర్టు దోషిగా తేల్చింది. ‘చైన్ సా’ నిర్మాతలు దావా వేస్తే 5 లక్షల డాలర్లు కట్టమని కోర్టు చెప్పింది గానీ, అప్పటికి కంపెనీ గల్లాపెట్టె ఖాళీ.

మిషిగన్ కుర్రాళ్లు శామ్ రైమీ, రాబ్ టాపర్ట్, బ్రూస్ క్యాంప్‌బెల్ వేరే దారి పట్టారు. చిన్న నమూనా చిత్రం తీసి డాక్టర్లు, లాయర్లకు చూపించి డబ్బు పోగేశారు. టెనెసీ అడవిలో చలికాలమంతా నానా తంటాలు పడి సినిమా తీశారు. 1981 అక్టోబర్ 15న డెట్రాయిట్‌లోని రెడ్‌ఫోర్డ్ థియేటర్లో మొదటి ఆట వేసుకున్నారు. అప్పుడు దాని పేరు ‘బుక్ ఆఫ్ ద డెడ్’. వెళ్లి కలిసింది ఇర్విన్ షపీరోని. విదేశాలకు సినిమాలు అమ్మడంలో తల పండిన పెద్దాయన, అప్పటికే డెబ్బై దాటాయి. పేరు వినగానే, ఇది చూసి జనం రెండు గంటలు పుస్తకం చదవాలేమో అనుకుంటారని హాస్యమాడి, ‘ద ఈవిల్ డెడ్’గా మార్పించాడు.

అమెరికా గురించి తొందరపడకుండా ముందు బయటి దేశాల్లో అమ్మకం మొదలుపెట్టడం షపీరో పద్ధతి. 1982లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. అక్కడ చూసిన హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ ఒక పత్రికలో దీన్ని తెగ మెచ్చుకుంటూ రాశాడు. బ్రిటన్‌లో ప్యాలెస్ పిక్చర్స్ థియేటర్లోనూ వీడియో క్యాసెట్ మీదా ఒకేసారి వదిలితే, 1983లో ఆ దేశంలో అద్దెకు ఎక్కువగా పోయిన క్యాసెట్లలో ఇదొకటి. ఆ పేరంతా వచ్చాకే అమెరికాలో న్యూ లైన్ సినిమా తీసుకుంది. బాబ్ షే 1967లో న్యూయార్క్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో మొదలుపెట్టి, కాలేజీలకు సినిమాలు తిప్పిన కంపెనీ అది. బ్రయన్‌స్టన్ మునిగాక ‘చైన్ సా’ కూడా న్యూ లైన్ చేతికే వచ్చింది. నిర్మాతలకు అంతకుముందుకన్నా మంచి వాటా ఇచ్చింది.

నా లెక్కలో షపీరోని ఎంచుకోవడమే వీటన్నింటిలోకీ తెలివైన పని. వసూళ్లలో ‘ఈవిల్ డెడ్’ మొదటి విడత ‘చైన్ సా’ దరిదాపుల్లోకి కూడా రాలేదు. అయినా పెట్టుబడి పెట్టినవాళ్లకి, ఆలస్యమైనా, డబ్బు తిరిగొచ్చింది. సినిమా పేరు దాన్ని తీసినవాళ్ల చెయ్యి దాటిపోలేదు. 2023లో ‘ఈవిల్ డెడ్ రైజ్’ వచ్చినప్పుడు నిర్మాత రాబ్ టాపర్టే. తెర మీద కంపెనీ పేరు న్యూ లైన్.