రక్తమా, శిక్షణా? - రెనాన్‌కు అఫ్గానీ జవాబు

1883 మార్చి 29వ తేదీన పారిస్‌లోని సోర్బాన్‌లో ఎర్నెస్ట్ రెనాన్ ఇస్లాం, విజ్ఞానశాస్త్రం అనే అంశంపై ఉపన్యసించాడు. రెనాన్ సామాన్యుడు కాడు. 1855లోనే సెమిటిక్ భాషల చరిత్ర వ్రాసిన పండితుడు. 1863లో ఏసుక్రీస్తు జీవితచరిత్ర వెలువరించి చర్చి ఆగ్రహానికి గురైనవాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం ఏకేశ్వర విశ్వాసం సెమిటిక్ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. తత్త్వచింతన ఆర్యుల సొత్తు. అరబ్బు విజ్ఞానమని లోకం పిలిచేదంతా చాలవరకు పారశీకులు, స్పెయిన్‌వాసులు చేసిన కృషి అనీ, పేరొందిన తత్త్వవేత్తలలో అరబ్బు వంశీయుడు అల్ కిందీ ఒక్కడేననీ ఆయన వాదించాడు.

ఈ వాదానికి జవాబు చెప్పినవారు అంతకు కొన్ని నెలల ముందు వరకు భారతదేశంలో, అందులోనూ ఎక్కువకాలం హైదరాబాదులో గడిపిన వ్యక్తి కావడం తెలుగు ముస్లిములకు ఆసక్తి కలిగించే సంగతి. ఆయనే సయ్యద్ జమాలుద్దీన్ అఫ్గానీ. 1879లో ఈజిప్టు నుండి బహిష్కృతులై, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న నిజాం రాజధానికి చేరుకున్నారు. ప్రకృతివాదులను ఖండిస్తూ ఫార్సీలో వ్రాసిన గ్రంథాన్ని 1881లో ఇక్కడే పూర్తి చేశారు. ముహిబ్ హుసేన్ నడిపిన ‘ముఅల్లిమె షఫీఖ్’ పత్రికలో వ్యాసాలు వ్రాశారు.

ఆ గ్రంథంలో డార్విన్‌పై ఒక ఎత్తిపొడుపు ఉన్నది. తరతరాలుగా తోకలు కత్తిరిస్తే కుక్కలు తోకలేకుండా పుడతాయట; మరి అరబ్బులు, యూదులు వేల ఏండ్లుగా సున్తీ చేస్తున్నా ఒక్క బిడ్డ అయినా సున్తీతో పుట్టాడా అని అఫ్గానీ అడిగారు. డార్విన్ సిద్ధాంతం సారం ఇది కాదు గనుక, ఖండనగా ఈ మాట నిలబడదు. కానీ వంశపారంపర్యం గురించిన ప్రశ్నగా చూస్తే గురి తప్పలేదు. కొన్నేళ్లకే జర్మన్ శాస్త్రజ్ఞుడు వైస్‌మాన్ వరుసగా 5 తరాల ఎలుకలకు తోకలు కత్తిరించి చూశాడు. పుట్టిన పిల్లలన్నిటికీ తోకలున్నాయి. శరీరానికి చేసిన మార్పు సంతతికి సంక్రమించదు. సున్తీని ప్రతి తరంలోనూ మళ్లీ చేయవలసిందే. కలిమా సంగతీ అంతే, నమాజు సంగతీ అంతే.

1882 నవంబరులో కలకత్తాలో చేసిన ప్రసంగంలో ఆయన మరో మెట్టు పైకెక్కారు. విద్యను ముస్లిం విద్య, ఐరోపా విద్య అని విడదీసే ఉలమాను నిలదీశారు. అరిస్టాటిల్‌ను తమవానిగా చదువుతూ గెలీలియోను పరాయివాడని తోసివేయడంలో అర్థమేమున్నదని ప్రశ్నించారు. విద్యకు జాతి లేదన్నది ఆయన అభిప్రాయం.

రెనాన్‌కు ఆయన జవాబు 1883 మే 18న ‘జూర్నాల్ దె దెబా’ పత్రికలో ఫ్రెంచి అనువాదంగా వెలువడింది. ఏ జాతి అయినా తన బాల్యదశలో కేవలం తర్కంతో నడవలేదనీ, క్రైస్తవానికి ఇస్లాం కంటే కొన్ని శతాబ్దాల వ్యవధి ఎక్కువ దొరికిందనీ అందులో వాదించారు. అరబ్బీ భాషలో ఆలోచించి, ఆ నాగరికతలో పెరిగినవారిని వారి పూర్వీకుల పుట్టుకను బట్టి వేరు చేస్తే, ఇటలీ మూలాలున్న మజారెన్‌నూ, నెపోలియన్‌నూ ఫ్రాన్సు వదులుకోవలసి వస్తుందన్నారు. ఈ దెబ్బ సూటిగా తగిలింది.

నిజానికి రెనాన్ ఎత్తిచూపిన వాస్తవం కొత్తది కాదు. ఇస్లామీయ విద్యలలో విద్వాంసులు అత్యధికులు అజమీలేనని ఇబ్నె ఖల్దూన్ 1377లో తన ‘ముఖద్దిమా’లోనే వ్రాశారు. అరబ్బీ వ్యాకరణానికి పెద్దదిక్కు అయిన సీబవైహి సైతం పారశీకుడే. అయితే ఇబ్నె ఖల్దూన్ చెప్పిన కారణం వేరు. విద్య ఒక వృత్తి. వృత్తులు నగరాలలో వర్ధిల్లుతాయి. ఆనాటి అరబ్బులు ఎడారి జీవనంలో, ఆ పైన పాలనలో మునిగి ఉండగా, నగరజీవితం పారశీకులకు అలవాటై ఉన్నది. ఒకే వాస్తవాన్ని ఒకరు నివాసం, శిక్షణల ద్వారా వివరించగా, 500 ఏళ్ల తరువాత మరొకరు రక్తం ద్వారా వివరించారు. వెనుకటివారే ముందున్నారని చెప్పక తప్పదు.

రెనాన్ మరునాడే ప్రతిస్పందించాడు. అఫ్గానీ మేధను మెచ్చుకున్నాడు. ఎలాగంటే, పైపై ఇస్లాం పొర కింద ఆర్యచైతన్యం సజీవంగా ఉన్న జాతులకు చెందినవాడట అఫ్గానీ! తనను ఖండించిన మనిషినే తన సిద్ధాంతానికి సాక్షిగా నిలబెట్టుకున్నాడన్నమాట. ముస్లిం ఆలోచించకపోతే సెమిటిక్ స్వభావం, ఆలోచిస్తే ఆర్యరక్తం. ఏ ఉదాహరణకూ ఓడిపోని ఇటువంటి సిద్ధాంతాన్ని శాస్త్రమనడం కష్టం.

అఫ్గానీ జవాబును ఇస్లాం సమర్థనగా మాత్రమే ఉదహరించేవారు దాచిపెట్టే భాగమూ ఒకటి ఉన్నది. ముస్లిం సమాజాలలో మతం పేరిట శాస్త్రాన్ని అణచే యత్నం జరిగిందని ఆయన అందులో అంగీకరించారు. ఇతర మతాలూ అదే పని చేశాయన్నారు. ఆయన శిష్యులు ముహమ్మద్ అబ్దుహు ఈ జవాబు అరబ్బీలోకి అనువాదం కాకుండా ఆపించారు. ఇబ్బందికరమైన పేజీని అనువాదానికి అందకుండా చేయడం వల్ల ఎవరికి మేలు జరిగిందో తెలియదు.

మొగుళ్లపల్లి వంటి తెలంగాణ పల్లెలోని ముస్లిముకు పారిస్ వాదంతో పనేమిటని అనిపించవచ్చు. పని ఉన్నది. రెనాన్ నాటి జాతిశాస్త్రమే కొలబద్దలతో ఈ దేశానికి వచ్చింది. ముక్కు కొలతలో కులాల హెచ్చుతగ్గులు కనిపిస్తాయని రిస్లీ 1891లో ప్రకటించాడు. థర్‌స్టన్ తలలూ ముక్కులూ కొలిచి, 1909లో దక్షిణభారత కులాలపై 7 సంపుటాలు వెలువరించాడు. దూదేకులవారూ వాటిలోకి ఎక్కారు. ఇంతకంటే బాధాకరమైనది ముస్లిములు తమలో తామే పెట్టుకున్న కొలబద్ద. సయ్యదులు, షేకులు, మొగలులు, పఠానులు అష్రాఫులట. తెలుగు మాట్లాడుతూ దూది ఏకుకొని బ్రతికిన నూర్‌బాషాలు తక్కువవారట. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదన్న హజ్జతుల్ విదా ప్రబోధం విన్న నోళ్లే పెళ్లి సంబంధాల దగ్గర రెనాన్ భాష మాట్లాడుతాయి.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకొని 2009, 2010లలో ప్రచురించిన పరిశోధనలు ఈ గర్వానికి ఆధారం మిగల్చలేదు. ఉత్తరప్రదేశ్ షియా, సున్నీలు, దావూదీ బోహ్రాలు, కేరళ మాప్పిళ్లలు, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఇరానీ షియాలు మొదలైన సమూహాలను పరీక్షించగా, పశ్చిమాసియా జాడలు కొన్నింటిలో కొద్దిగా కనిపించాయి; మొత్తం మీద భారతీయ ముస్లిములు జన్యుపరంగా తమ ఇరుగుపొరుగు ముస్లిమేతరులకే దగ్గర. అంటే ఇస్లాం ఈ నేలపై ప్రధానంగా రక్తం ద్వారా కాక బోధ ద్వారా వ్యాపించింది.

అలాగని జన్యువుల పాత్ర శూన్యమని చెప్పడమూ తొందరపాటే. అమెరికాలోని మిన్నెసోటా కవలలపై 2005లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, మతాసక్తిలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలలో జన్యువుల పాలు బాల్యంలో సుమారు 12 శాతం, పెద్దయ్యాక 44 శాతం. ఇది ఆసక్తి తీవ్రతకు సంబంధించిన లెక్క. ఏ మతం అన్న ప్రశ్నకు వస్తే, కవలల అధ్యయనాలు వేలు చూపేది ఇంటి పెంపకాన్నే. ప్రతి శిశువూ ఫిత్రత్ మీద పుడుతుందనీ, తల్లిదండ్రులే దానిని యూదునిగానో క్రైస్తవునిగానో మలుస్తారనీ తెలిపే హదీసు చదివినవారికి ఈ ఫలితం వింతగా తోచదు.

ఇక రెనాన్ ఆర్యచైతన్యం చూసిన ఆ ‘అఫ్గాను’ సంగతి. చరిత్రకారులలో అత్యధికుల నిర్ణయం ప్రకారం, జమాలుద్దీన్ పుట్టింది ఇరాన్‌లోని హమదాన్ దగ్గర అసదాబాదులో, షియా కుటుంబంలో. సున్నీ ప్రపంచంలో తన మాట చెల్లాలని అఫ్గాను అన్న పేరును ఆయనే ఎంచుకున్నారు. 1897లో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. 1944లో అఫ్గానిస్తాన్ ప్రభుత్వం ఆయన అస్థికలను కాబూలుకు తరలించింది. సమాధి ఇప్పుడు కాబూల్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది. ఇరానీయులు మాత్రం ఆయనను నేటికీ అసదాబాదీ అనే పిలుస్తారు.