ఫోటో వెనుక రాయని పేర్లు

మొన్న వేసవిలో హనుమకొండలో ఒక మిత్రుడి ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది సామాను దించినప్పుడు పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి బయటపడింది. అందులో నూట ఇరవై సైజు ఫిల్ము ముక్కలు, అంచులు చుట్టుకుపోయిన బ్రోమైడ్ ప్రింట్లు, ఎండి బిగుసుకుపోయిన ఒక రబ్బరు బ్యాండు ఉన్నాయి. 1980లలో మేము పది పన్నెండు మందిమి కలిసి నడుపుకున్న ఛాయాచిత్ర బృందానికి మిగిలిన ఆస్తి ఇదే. ఆ కబురు వినగానే నేను వరంగల్ వెళ్ళాను. ఇద్దరమూ చాప పరచుకుని ప్రింట్లను ఒక్కొక్కటిగా విప్పాము.

వాటిలో ఒకటి నా చేతిలో చాలాసేపు ఉండిపోయింది. ఆజంజాహి మిల్లు గేటు ముందు పదుల సంఖ్యలో సైకిళ్ళు, వాటి మీద మనుషులు. తిప్పి చూస్తే వెనుక పెన్సిలుతో ‘11/30’ అని మాత్రమే ఉంది. మా నెలవారీ పోటీలో న్యాయనిర్ణేత వేసిన మార్కులవి. ముప్ఫైకి పదకొండు వచ్చాయని తెలుస్తోంది. ఎవరు తీశారో, ఏ సంవత్సరమో, గేటు ముందున్న మనుషులెవరో ఎక్కడా లేదు. ఆ రోజు మొదలైన ఆలోచన ఇది.

ఛాయాచిత్రకారులు సంఘాలుగా కూడడం కొత్త సంగతి కాదు. డాగేర్ కనిపెట్టిన పద్ధతిని ఫ్రెంచి ప్రభుత్వం 1839 ఆగస్టు 19న లోకానికి ప్రకటించింది. ఇప్పటికీ ఆ తేదీన మన జిల్లాల్లోని ఫోటోగ్రాఫర్ల సంఘాలవారు డాగేర్ చిత్రపటానికి పూలమాల వేస్తారు. ప్రకటన వెలువడిన పదిహేనేళ్ళకే, 1854లో, బొంబాయిలో ఛాయాచిత్ర సమాజం ఏర్పడింది. 1856లో కలకత్తా, మద్రాసు నగరాల్లోనూ అటువంటివే వెలిశాయి. మద్రాసు సమాజానికి మూలపురుషుడు అక్కడి చిత్రకళాశాలను స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్. రసాయనాలు ఖరీదైనవి, పద్ధతులు గహనమైనవి. ఒకరు చెడగొట్టుకున్న పలక మరొకరికి పాఠమయ్యేది. కనుక కూడి పనిచేయడం ఆ విద్యకు పుట్టుకతోనే వచ్చిన అవసరం.

ఆ సమాజాలలో ముచ్చట్లే కాదు, తగవులూ ఉండేవి. కలకత్తా సమాజంలో పండితుడు రాజేంద్రలాల్ మిత్ర కార్యవర్గంలో ఉండేవాడు. 1857లో ఒక బహిరంగ సభలో ఆయన తెల్లదొరల తోటల యజమానులను ఘాటుగా విమర్శించాడు. దానికి సమాజంలోని ఆంగ్లేయులు ఆగ్రహించి ఆయనను సభ్యత్వం నుంచి తొలగించారు. ఫోటోకూ ఆ ప్రసంగానికీ సంబంధమేమిటని మనకు అనిపించవచ్చు. ఎవరిని సభలో కూర్చోనిస్తారు, ఎవరి మాట వింటారు అన్నది తేలాకనే ఏ బొమ్మ మంచిదో తేలుతుంది. మా చిన్న బృందంలోనూ ఈ సంగతి మరో రూపంలో ఎదురైంది. దాని గురించి ముందుకు చెబుతాను.

ఓరుగల్లు వైపు వద్దాం. మన ప్రాంతపు తొలి గొప్ప ఛాయాచిత్రాలు లాలా దీన్‌దయాళ్ చేతి మీదుగా వచ్చాయి. 1844లో మీరట్ దగ్గరి సర్దానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేసిన ఈయన 1880లలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదునిచ్చాడు. నిజాం రాజ్యపు దృశ్యాలుగా ఆయన కూర్చిన ఆల్బంలలో హనుమకొండ వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట శిథిలాలు ఉన్నాయి.

ఆయన ప్రింట్ల అడుగున చాలావాటికి ఒక అంకె, ఒక స్థలం పేరు కనిపిస్తాయి. ఆ అక్షరాలు నెగటివు మీదే రాసినవి. అంటే ఎన్ని ప్రతులు తీసినా పేరు బొమ్మతోపాటే వెళుతుంది. 1905లో ఆయన మరణించాడు. ఆయన స్టూడియో గాజు నెగటివులలో 2,857 పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. పగలకుండా మిగలడం అదృష్టం. మిగిలినవి పరిశోధకులకు పనికిరావడానికి మాత్రం ఆ అంకెలూ పేర్లే కారణం.

తరువాతి ఘట్టం పురావస్తు శాఖది. 1914లో నిజాం ప్రభుత్వం గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో ఈ శాఖను నెలకొల్పింది. యాజ్దానీ పాలంపేట ఆలయాల మీద రాసిన గ్రంథం 1922లో వెలువడింది. రామప్ప గుడి కప్పు, దూలాలు, మదనికల ఫోటోలు అందులో వివరాలతో అచ్చయ్యాయి. ఇది ఏ దిక్కు, ఇది ఏ స్తంభం అన్నది చదువరికి తెలుస్తుంది. దాదాపు నూరేళ్ళ తరువాత, 2021 జూలై 25న, యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు వెనుక ఎందరి శ్రమో ఉంది. ఆ శ్రమకు ఆది పీఠికలలో ఇలాంటి శ్రద్ధ గల ఫోటోలు కూడా ఉన్నాయని నా నమ్మకం.

* * *

మా కాలానికి వస్తే, అప్పటికి ఫోటో రాజుల ముచ్చట నుంచి గుమాస్తాల ముచ్చటగా మారింది. 1953లో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ ఏర్పడి, ఊళ్ళలోని క్లబ్బులను ఒక గొడుగు కిందకు తెచ్చింది. ప్రింట్లను పోస్టులో పంపితే న్యాయనిర్ణేతలు చూసి ఎంపిక చేసే ‘సెలూన్’ ప్రదర్శనల పద్ధతి బలపడింది. బడోదాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. ఒక ఫిల్ముకు పన్నెండు బొమ్మలు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము, కాగితం మన ఊళ్ళలోనూ దొరికేవి.

మాలో ఇద్దరు కళాశాల అధ్యాపకులు, నలుగురు బ్యాంకు ఉద్యోగులు, ఒక కంపౌండరు, ఒక స్టూడియో యజమాని ఉండేవారు. నేను అందరికంటే చిన్నవాణ్ణి, గుమాస్తాను. ఎన్‌లార్జరు ఒక్కటే. దాన్ని అందరమూ చందాలు వేసుకుని కొన్నాము. డార్క్‌రూము ఒక అధ్యాపకుని ఇంటి స్నానాలగది. కిటికీకి నల్లగుడ్డ, పైన ఎర్రబల్బు. ఆదివారం పొద్దున్నే కోటకో, పాఖాల చెరువుకో, రామప్పకో వెళ్ళడం, రాత్రి ఆ గదిలో వంతులవారీగా ప్రింట్లు వేయడం, నెల చివర వాటిని గోడకు ఆనించి మార్కులు వేయడం మా కార్యక్రమం.

ఓరుగల్లు వేసవిలో ఈ పని ఎంత కష్టమో ఇప్పటివారికి చెబితే నవ్వుతారు. డెవలపర్ ద్రావణం ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మేలో మా కుళాయి నీరే ముప్ఫై దాటి ఉండేది. ఆ వేడికి ఫిల్ము మీది జిగురు పొర మెత్తబడి, ఉబ్బి, ఒక్కోసారి అంచుల్లో ఊడివచ్చేది. అందుకని సోడాల దుకాణం నుంచి మంచుగడ్డ తెచ్చి, వెడల్పాటి తాంబాళంలో పగలగొట్టి వేసి, అందులో డెవలపర్ గిన్నె కూర్చోబెట్టేవాళ్ళం. ఒకరు ఉష్ణమాపకం చూసేవారు, ఒకరు గడియారం, ఒకరు గిన్నె ఊపేవారు. ఒంటరిగా సాగే పని కాదది.

నీటి సంగతి మరీ ముఖ్యం. హైపోలో స్థిరపరచిన బ్రోమైడ్ కాగితాన్ని పారే నీటిలో గంటసేపు కడగాలి. హైపో పోగులలో మిగిలిపోతే ఏళ్ళు గడిచాక బొమ్మ పసుపెక్కి మాసిపోతుంది. ఈ సంగతి పుస్తకాలలో చదివాము, కొత్తవారికి బోధించాము. కాని కుళాయి రోజుకు గంట వచ్చే ఇంట్లో, ఇంటావిడ తాగునీటికి బిందెలు పట్టుకుని నిలబడి ఉండగా, మా బొమ్మలకు గంటసేపు నీరు వదలమని అడిగే ముఖం ఎవరికుంటుంది? రెండు బకెట్లలో ముంచి తీసి ‘చాలు’ అనుకునేవాళ్ళం. రేకు డబ్బాలో సగం ప్రింట్లు ఎందుకు పసుపు పచ్చగా ఉన్నాయో ఆ రోజు చూడగానే తెలిసింది. అది కాలం చేసిన పని కాదు, మేము చేసిన పని.

కడగకపోవడం కంటే పెద్ద తప్పు ఇంకొకటి. మేము ఏమి తీశాము అన్నది.

డబ్బాలోని ప్రింట్లను లెక్కపెట్టాము. కోటలోని కీర్తితోరణాలు అరవై మూడు. పొద్దుపొడుపు వెలుగులో తోరణం, తోరణం నడుమ సూర్యుడు, తోరణం కింద మేకలకాపరి. వేయిస్తంభాల గుడి నలభై ఒకటి. పాఖాలలో పడవలు ఇరవై. ఆజంజాహి మిల్లు ఒక్కటి. మాకు వచ్చే న్యాయనిర్ణేత పెద్దమనిషి, నిజంగా విద్వాంసుడు, మిల్లు ఫోటో చూసి ‘చూపు నిలిచే చోటు లేదు, గజిబిజిగా ఉంది’ అన్నాడు. మేమంతా తలూపాము. తీసిన సభ్యుడు కిమ్మనలేదు. ఆ తరువాత అతడు మిల్లు వైపు కెమెరా తిప్పలేదు. కలకత్తాలో రాజేంద్రలాల్ మిత్రను సభ్యత్వం నుంచి తొలగించారు. మా దగ్గర ఎవరినీ తొలగించలేదు, ముప్ఫైకి పదకొండు మార్కులు వేశాము. ఒక ఊరి జీవితం సభలోకి రాకుండా పోవడానికి అది చాలింది.

ఏడవ నిజాం కాలంలో 1934లో మొదలై, ఆయన పెద్దకొడుకు ఆజంజాహ్ పేరు పెట్టుకున్న ఆ మిల్లు వరంగల్‌లో వేలమందికి అన్నం పెట్టింది. దాని సైరన్ విని మేము గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. 2002లో మూతపడింది. ఆ తరువాత కట్టడాలు పోయి, స్థలం ప్లాట్లయింది. 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారం గోడల పక్క నుంచే రోజూ ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. లోపల తీయనివ్వరు సరే, వీధి నుంచి కనిపించే ఆ గోడ ఒక్కటైనా మా డబ్బాలో లేదు. 2021లో ఆసుపత్రి కట్టడం కోసం దాన్ని కూల్చివేశారు. తోరణాలు ఎక్కడికీ పోలేదు. మేము తీయకపోయినా ఉండేవి.

తీసినవైనా పనికివచ్చాయా అంటే అదీ సందేహమే. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, రాళ్ళకు అంకెలు వేసి, మళ్ళీ పేర్చే పని ఏళ్ళ తరబడి సాగి, 2024 మార్చి 8న, శివరాత్రినాడు, మండపం తిరిగి తెరుచుకుంది. విప్పకముందు నాటి స్తంభాలు మా నలభై ఒక్క ఫోటోలలో ఉన్నాయి. ఏ స్తంభం ఏ వరుసలోదో, ఏ దిక్కుదో ఒక్కదాని వెనుకా రాసి లేదు. వెలుగునీడలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

అలాగని మన ఊరిలో ఎవరూ చూడలేదనడం అన్యాయం. వరంగల్ బిడ్డ భరత్ భూషణ్, 2022లో కన్నుమూసేదాకా, పల్లె ఇళ్ళ తలుపులు, గోడలు, బతుకమ్మ ఆడే స్త్రీలు, మామూలు మనుషుల మామూలు రోజులు తీస్తూ పోయాడు. మేము తోరణం దగ్గర సూర్యుడి కోసం కాచుకుని కూర్చున్నప్పుడు ఆయన గుమ్మాల ముందు నిలబడ్డాడు.

1990ల మధ్యకు మా బృందం ఎవరూ ముగించకుండానే ముగిసింది. రంగుల ల్యాబులు వచ్చాయి, బదిలీలు వచ్చాయి. ఒక సభ్యుడు పోయాక ఆయన నెగటివులన్నిటినీ, పాత ఎక్స్‌రేలతో కలిపి, వెండి తీసేవాళ్ళకు తూకానికి అమ్మేశారని తరువాత తెలిసింది. ఇంటివారిని అనడానికేమీ లేదు. పేరు లేని ఫిల్ములో వాళ్ళకు వెండి తప్ప ఏమి కనిపిస్తుంది?

* * *

రేకు డబ్బా దొరికాక మేము మిగిలిన నలుగురం మళ్ళీ ఆదివారాలు కూడుతున్నాము. ఈసారి పోటీ లేదు, మార్కులు లేవు. ఒక్కొక్క ప్రింటు, నెగటివు స్కాను చేయడం, గుర్తున్నంతవరకు పేరు, చోటు, ఏడు రాయడం. మాకు తెలియనివాటిని తెలిసినవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళడం.

అలాగే మిల్లు ఫోటోను ఆ ప్రాంతంలో ఒక చాయ్ హోటల్లో కూర్చునే పాత కార్మికుని దగ్గరకు తీసుకెళ్ళాము. కళ్ళద్దాలు తుడుచుకుని, ప్రింటును వెలుగుకు పట్టుకుని చూశాడు. ‘ఇది డూటీ దిగినప్పటిది సారూ’ అన్నాడు.

‘ఎట్ల తెలుస్తది?’ అన్నాను.

‘టిఫిను డబ్బలు చూడున్రి. హాండిలుకు ఊగుతున్నయి. ఉత్తయి గదా. డూటీకి పోయేటప్పుడు నిండుగుంటయి, గట్ల ఊగవు.’

నలభై ఏళ్ళ కింద మేము గజిబిజి అన్న ఆ బొమ్మలో ఆయన ఒక్కొక్క సైకిలునూ చదివాడు. ముగ్గురిని పేరు పెట్టి పిలిచాడు. ఒకరు జాబరు, ఒకరు ఆయన మేనబావ, ఒకరు ఎప్పుడో పోయినవాడు. ‘ఈ మూలకు నేనుండాలె, ఫోటోల రాలె’ అని నవ్వాడు. ఏ సంవత్సరమో మాత్రం ఆయనకూ తేలలేదు.

చదువరులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో పాత ఫోటోలు ఉంటే ఈ ఆదివారమే దించండి, పెద్దవాళ్ళు ఉండగానే. వెనుక మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను వద్దు, గీత ముందువైపుకు ఉబికివస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. అంతే చాలు.

మిల్లు ఫోటో వెనుక ఇప్పుడు మూడు పేర్లున్నాయి. తీసినవాడి పేరు నాలుగవది, దాన్ని నేనే రాశాను. ‘11/30’ను చెరపలేదు. అదీ మా చరిత్రే.