రాత్రివేళ ముఖమర్దనము: ఒక లేపనపు పూర్వచరిత్ర

దినకృత్యములన్నియు ముగిసి దీపములు వెలిగిన పిమ్మట ముఖము కడిగికొని, చిక్కని క్రీమును వ్రేళ్లకొనలతో తీసికొని, చెక్కిళ్లమీదను నుదుటిమీదను మెల్లమెల్లగా మర్దించు ఆచారమును మనలో అనేకులు నిన్నమొన్నటి విలాసముగా నెంచుచున్నారు. కాని యీ లేపనమునకు మూలమైనది విలాసవస్తువు కాదు, ఔషధము. దాని తయారీ క్రీస్తుశకము రెండవ శతాబ్దినాటి గ్రీకువైద్యుడు గాలెన్ గ్రంథములయందు కాననగుచున్నది.

నేడు తుర్కీదేశమున బెర్గామా యనబడు పెర్గమన్ నగరమున 129 ప్రాంతమున జన్మించి, రోమునకు పోయి మార్కస్ ఆరీలియస్ చక్రవర్తికి వైద్యుడైన యీ మహనీయుడు చెప్పిన మైనపుమందు మిక్కిలి సులభమైనది. తేనెమైనము ఒక పాలు, గులాబీలు నానవేసిన ఆలివ్ నూనె మూడు నాలుగు పాళ్లు కలిపి సన్నని సెగపై కరగించి, చల్లారుచుండగా చన్నీటిని కొంచెము కొంచెముగా వంచుచు, అది యెంత నీటిని పట్టగలదో అంతవరకును మెదుపవలెను. నూనెకును నీటికిని సహజమైన పొత్తు లేదు. గడ్డకట్టెడి మైనము నీటిబిందువులను తనలో నిలిపికొన్నను, ఆ బంధము దుర్బలము. ముఖమున పూసినంతనే ఒంటివెచ్చదనమునకు మైనము మెత్తబడి, నీరు విడివడి ఆవిరియగుచు, చర్మమునందలి వేడిమిని కొంత తనతో గొనిపోవును. ఈ లేపనమునకు కోల్డ్ క్రీమను పేరు తెచ్చిన చల్లదనమంతయు నిందువలన వచ్చినదే. నీరు పోయిన తరువాత మిగిలిన నూనెయు మైనమును చర్మముపై పలుచని పొరయై, లోపలి తేమను బయటికి పోనీయక కాపాడును. పదునెనిమిది వందల సంవత్సరములు గడచినను ఈ సూత్రము చెక్కుచెదరలేదు. ఇంతటి దీర్ఘాయువు గల మందులు వైద్యచరిత్రలో అరుదని నా నమ్మకము.

తరువాతి శతాబ్దులలో ఐరోపాలోని మందులవారు ఆలివ్ నూనెకు బదులు బాదంనూనెను, ఉత్తనీటికి బదులు పన్నీటిని చేర్చిరి. స్పెర్మ్ తిమింగలపు తలనుండి తీసిన తెల్లని మైనమువంటి పదార్థమును గూడ కలిపి, వెన్నవలె నున్నని లేపనమును సిద్ధపరచిరి. దానికొక్కటే లోపము: బాదంనూనె త్వరలో కనరెక్కును. కనుక ఎప్పటికప్పుడు తాజాగా చేయించుకొనవలసినదే తప్ప, నిలువచేసి దూరదేశములకు పంపుటకు వీలులేకుండెను. అట్లు దీనిని సిద్ధపరచిన మందులవారి పేర్లు చరిత్రకెక్కలేదు గాని, గాలెన్ విద్యను అంతకాలము సజీవముగ నిలిపినవారు వారే. పందొమ్మిదవ శతాబ్ది కడపట ఈ చిక్కు తొలగినది. వెలిగారము తేనెమైనమందలి ఆమ్లములతో గూడి ఒకవిధమైన సబ్బుగా మారి, నూనెను నీటిని గట్టిగా ముడివేసెను. ముడిచమురునుండి తీసిన ఖనిజతైలము కనరెక్కని గుణముచేత బాదంనూనె స్థానము నాక్రమించెను. ఔషధశాలలోని గిన్నె కర్మాగారపు సీసాయైనది.

అయినను ఈ క్రీమునకు రాత్రికాలమే తగునను నియమ మెట్లు స్థిరపడెను? జిడ్డుతో మెరయు ముఖముతో పగలు నలుగురిలో తిరుగుట ఎవరికిని ఇష్టము కాదు గదా! అంతలో స్టియరిక్ ఆమ్లమును క్షారముతో కొంతమాత్రము సబ్బుగా మార్చి చేసిన, జిడ్డు లేని మరియొక క్రీము పుట్టినది. అది రాచినంతనే కనబడకుండ పోవును గనుక వానిషింగ్ క్రీమనిరి. 1846లో థెరాన్ పాండ్ అను ఔషధకారుని మందుతో మొదలైన అమెరికాదేశపు పాండ్స్ సంస్థ, ఇరువదవ శతాబ్ది రెండవ దశాబ్దమున ఈ రెండింటిని జంటగా ప్రకటించుచు, కోల్డ్ క్రీము రాత్రికి, వానిషింగ్ క్రీము పగటికి అని బోధింపసాగెను. పిదప రుమేనియా రాణి మేరీ పేరును గూడ తన ప్రకటనల కెక్కించెను. పదార్థముల స్వభావము సగము, వర్తకుల నేర్పు సగము కలిసి రేయింబవళ్ల యీ విభజనము నేర్పరచినవి.

మన వైద్యము ఈ విషయమున వేరు దారి త్రొక్కినది. వ్రణశోఫములకు పూయు ఆలేపమును రాత్రి వేయరాదనియు, దాని చల్లదనముచే లోపలి వేడిమి నిర్గమింపక వికారములు కలుగుననియు సుశ్రుతుడు హెచ్చరించెను. వాగ్భటుడు ముఖలేపమును మూడు విధములుగ విభజించి, దాని మందమును అంగుళములో పాతిక, మూడవవంతు, సగము అని నిర్ణయించి, తడి యారకముందే దానిని తీసివేయవలెననెను. పొడులు నూరి పూసిన లేపమునకు ఈ నియమములు సమంజసములే; అది ఎండి చర్మమును బిగబట్టును. నూనె యట్లు ఎండదు. అందుచేతనే అష్టాంగహృదయమందే చెప్పబడిన కుంకుమాదితైలమును ముఖమునకు మర్దించుట మనవారికి సమ్మతమైనది. అయితే మన అభ్యంగమునకు తరువాయి స్నానము. నూనె అంటి, నలుగుపెట్టి, సున్నిపిండితో జిడ్డు వదలించుటతోనే ఆ కర్మ పరిసమాప్తమగును. ముఖమున స్నిగ్ధతను నిలిపికొని నిద్రించుట మన పెద్దలకంత పరిచితము కాదు. పెదవులు పగిలినపుడు వెన్నయో మీగడయో రాచుకొనుట మాత్రము కలదు.

కావుననే మన యూళ్లకు ఈ సరుకులు వచ్చినపుడు జనము మొదట చేపట్టినది స్నో యనబడు జిడ్డు లేని వానిషింగ్ క్రీమునే. బరోస్ వెల్‌కమ్ వారి హేజలైన్ స్నో, బొంబాయిలో పాటన్‌వాలా తయారుచేసిన ఆఫ్ఘన్ స్నో, ఇవి పౌడరు డబ్బాల సరసన అద్దములముందు చేరినవి. కోల్డ్ క్రీము మాత్రము చలికాలపు వస్తువుగనే నిలిచినది. ఉక్కపోతలో చెమటతో తడిసిన ముఖమునకు మైనపుపొర యెవరికి కావలయును? ఇప్పుడు పడకగదులలో చలువయంత్రములు గాలిలోని తేమను హరించుచుండగా, వేసవినడుమ సైతము తెల్లవారునప్పటికి చర్మము పొడిబారుచున్నది. అట్టి గదులలో నిద్రించువారికి రాత్రి క్రీము అనావశ్యకమని నేననజాలను. శనగగింజంత తీసికొని, ముఖము కొంచెము తడిగా నున్నపుడే, చర్మము సాగకుండ తేలికచేతితో మర్దించి, మిగిలిన జిడ్డును మెత్తని తడిబట్టతో అద్ది తీయవచ్చును; మొటిమలు గలవారికి మాత్రము ఈ చిక్కని రకము పనికిరాదు.