సున్నా నుంచి వందకి... ఎవరి గడియారంతో?

కారు కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మైలేజి ఎంత?". రెండోది "పికప్ ఎలా ఉంది?". మైలేజి అందరూ లెక్క కడతారు. ట్యాంకు నింపించి, కిలోమీటర్లు రాసుకుని, మళ్ళీ నింపించి భాగిస్తారు. మా నాన్న ఇప్పటికీ ఓ చిన్న డైరీలో రాస్తుంటారు. పికప్‌ని మాత్రం ఎవరూ కొలవరు. షోరూమ్ కుర్రాడు "సూపర్ సార్" అంటాడు, మనం తలూపుతాం. నేనూ అలాగే తలూపాను. దాని ఖరీదు ఓ మే నెల మధ్యాహ్నం తెలిసొచ్చింది.

సూర్యాపేట దాటాక మా ఊరికెళ్ళే రెండు లేన్ల రోడ్డు. ముందు సీట్లో నాన్న, వెనక అమ్మ, అక్క, అక్క కొడుకు. డిక్కీలో మామిడిపళ్ళు, రెండు బియ్యం బస్తాలు. ఏసీ ఫుల్లు. ముందో లారీ. రోజూ ఆఫీసుకి ఒక్కడినే వెళ్తాను కాబట్టి, ఎంత తొక్కితే ఎంత కదులుతుందో నా కాలికి ఓ అలవాటు ఉంది. ఆ అలవాటునే నమ్ముకుని కుడి పక్కకి తీశాను. కారు కదల్లేదు. అంటే కదిలింది, కానీ నేననుకున్నట్టు కాదు. లారీ సగం దాకా వచ్చేసరికి ఎదురుగా బస్సు. వెనక్కి తగ్గుదామంటే నా ఖాళీలోకి ఇంకో కారు వచ్చేసింది. ఆ లారీ డ్రైవరు బ్రేకు తొక్కి దారిచ్చాడు కాబట్టి ఈరోజు ఈ టపా రాస్తున్నాను. నాన్న ఓ కిలోమీటరు దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "దాని వెనకాలే పోతే పది నిమిషాలు లేటయ్యేది, అంతే కదరా" అన్నారు.

ఇంటికొచ్చి నెట్లో చూస్తే మా బండికి 0-100 సుమారు 14 సెకన్లు అని ఉంది. (ఏ కంపెనీయో ఎందుకులెండి, తప్పు బండిది కాదు.) ఆ 14 ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? కారులో ఎంతమంది ఉండగా కొలిచారు? అలా తవ్వుకుంటూ పోతే పెద్ద చరిత్రే బయటపడింది.

బ్రిటన్‌లో ఆటోకార్ పత్రిక 1928లోనే కార్లను ఓ పద్ధతి ప్రకారం రోడ్డు మీద పరీక్షించి రాయడం మొదలుపెట్టింది. కానీ ప్రపంచం మొత్తం నోట్లో నానుతున్న "0 నుంచి 60 మైళ్ళు" అనే కొలత పేరు మాత్రం ఒక అమెరికన్‌కి దక్కింది. ఆయన పేరు టామ్ మెకాహిల్. 1946లో మెకానిక్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రికకి తన సొంత ఫోర్డు కారు గురించి రాయడంతో మొదలుపెట్టాడు. కంపెనీ ఏం చెప్పిందో రాయడం కాదు, తను నడిపి చూసి ఎలా ఉందో రాయడం ఆయన పద్ధతి. 60 అంకె కూడా బాగా కుదిరింది. నిమిషానికి మైలు, ఎవరికైనా గుర్తుంటుంది.

ఆ రోజుల్లో మామూలు కార్లకి 60 అంటే చిన్న విషయం కాదు. 1950లో 'ది మోటార్' పత్రిక మోరిస్ మైనర్‌ని పరీక్షిస్తే గరిష్ఠ వేగమే గంటకి 58.7 మైళ్ళు వచ్చింది. అంటే 0-60 అన్న గడిలో రాయడానికి అంకే లేదు! 0-50కే 29.2 సెకన్లు పట్టింది. మన హిందుస్థాన్ మోటార్స్ 'బేబీ హిందుస్థాన్' అని అమ్మింది ఈ మోరిస్ మైనర్‌నే.

ఇంతకీ కొలవడం ఎలా? స్పీడోమీటర్ చూస్తూ స్టాప్‌వాచీ నొక్కడం మొదటి ఆలోచన. సమస్య ఏంటంటే స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది, అదీ చట్టబద్ధంగా. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వ దాని ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. ఎక్కువైతే 10 శాతం, ఆపైన ఇంకో 4 కి.మీ. దాకా చూపించొచ్చు. లెక్క వేయండి: మీటర్లో 100 ఉన్నప్పుడు అసలు వేగం 87 అయినా అది రూలుకి లోబడే ఉన్నట్టు. అందుకే పాత టెస్టర్లు కారు వెనక సైకిలు చక్రం లాంటి అయిదో చక్రాన్ని తగిలించేవాళ్ళు. ఇంజను దాన్ని తిప్పదు కాబట్టి అది జారదు, ఊరికే రోడ్డు మీద దొర్లుతుంది. దాని చుట్లు లెక్కపెడితే నిజమైన వేగం, దూరం రెండూ తెలుస్తాయి. గాలి, రోడ్డు వాలు లెక్కలోంచి పోవాలని అటోసారి ఇటోసారి నడిపి సగటు తీసేవాళ్ళు. పొగరు లేని ఇంజనీరింగ్ అంటే నాకిదే.

కొలత ఇంత పక్కాగా ఉన్నా, అంకెని వంచడానికి దారులు దొరికాయి. మొదటి దారి గడియారాన్ని ఆలస్యంగా మొదలుపెట్టడం. అమెరికాలో డ్రాగ్ రేసుల దగ్గర కారు ముందు చక్రం ఒక కాంతిపుంజానికి అడ్డంగా నిలబడుతుంది. చక్రం ఆ పుంజాన్ని దాటాకే గడియారం మొదలవుతుంది. ఈలోపు కారు దాదాపు ఒక అడుగు ముందుకి వచ్చేసి ఉంటుంది. పత్రికలవాళ్ళు అక్కడే టెస్టులు చేసేవాళ్ళు కాబట్టి ఆ అడుగు మినహాయింపు అలవాటుగా స్థిరపడిపోయింది. అడుగంటే 30 సెంటీమీటర్లే కదా అనుకోకండి. బాగా ఊపున్న కారుకి అది పావు సెకను, మన చిన్న కార్లకి అర సెకను దాకా. అడుగు దాటేసరికి కారు అప్పటికే 5 నుంచి 9 కి.మీ. వేగంలో ఉంటుంది. అంటే అది 0-60 కాదు, "5-60" అన్నమాట :)

రెండో దారి కారునే మార్చేయడం. 1964 మార్చి కార్ అండ్ డ్రైవర్ సంచికలో పాంటియాక్ జీటీఓకి 0-60 కేవలం 4.6 సెకన్లని వచ్చింది. అట్ట మీద ఫెరారీ జీటీఓతో పోటీ పెట్టారు, నిజానికి ఫెరారీని వాళ్ళు పరీక్షించనే లేదు. ఇక పాంటియాక్ సంగతి. షోరూములో కొంటే వచ్చేది 389 క్యూబిక్ అంగుళాల ఇంజను. టెస్టుకి పంపిన బండిలో 421 ఇంజను పెట్టారని ఆ ప్రచారం నడిపిన జిమ్ వాంగర్సే దశాబ్దాల తర్వాత ఒప్పుకున్నాడు. అంటే లీటర్లలో 6.4 బదులు 6.9. మన భాషలో చెప్పాలంటే డెమో సర్వర్‌లో ర్యామ్ పెంచి క్లయింటుకి చూపించడం. ఆ సంచిక చదివి కారు కొనుక్కున్నవాడికి ప్రొడక్షన్‌లో ఏమొచ్చిందో చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాళ్ళూ ఉన్నారు. 1936లో మొదలైన కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రకటనలు తీసుకోదు. కార్లను పేరు చెప్పకుండా, మామూలు ఖాతాదారులా షోరూములో కొని పరీక్షిస్తుంది. ఇక బ్రిటిష్ పత్రికలు ఎప్పటినుంచో 0-60 పక్కనే ఇంకో పట్టిక వేసేవి: టాప్ గేరులోనే ఉంచి 30 నుంచి 50 మైళ్ళకి ఎంతసేపు, 50 నుంచి 70కి ఎంతసేపు అని. సిగ్నల్ దగ్గర్నుంచి దూకడానికి కాదు, ముందున్న బండిని దాటడానికి పనికొచ్చే అంకెలవి. కానీ ఎవరికీ గుర్తుండవు. పాన్ డబ్బా దగ్గర చెప్పుకోవడానికి 0-60 ఉండగా ఆ పట్టిక ఎవడిక్కావాలి?

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తప్పుని ఆపేసింది. ఆ తర్వాత రేస్‌లాజిక్ వాళ్ళ వీబాక్స్ లాంటి జీపీఎస్ పెట్టెలు అయిదో చక్రాన్ని మ్యూజియానికి పంపించేశాయి. మన దేశంలో ఓవర్‌డ్రైవ్ 1998లో, ఆటోకార్ ఇండియా 1999లో వచ్చాయి. 60 మైళ్ళ బదులు 100 కిలోమీటర్లు మన ప్రమాణం అయింది. ఆటోకార్ ఇండియా మూడో గేరులో 20-80, నాలుగో గేరులో 40-100 కూడా వేస్తుంది. మన రోడ్లకి అసలైన అంకెలు ఇవీ. నేను ఎన్నో ఏళ్ళుగా చదువుతూ ఆ వరసని దాటేసి 0-100 మాత్రమే చూసేవాడిని!

పరికరాలు మారినా పాత అలవాటు పోలేదు. 2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కి 1.99 సెకన్లని ప్రకటించినప్పుడు, మొదటి అడుగు తీసేసిన లెక్క అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. మోటార్ ట్రెండ్ పత్రిక జిగురు పూసిన రేసు ట్రాక్ మీద 1.98 సాధించింది. మామూలు తారు మీద 2.07 వచ్చింది. రెండూ ఆ అడుగు తీసేసిన లెక్కలే. అంకెలో అబద్ధం లేదు. కానీ రోజూ మనం తిరిగే రోడ్డూ, మన ప్రయాణమూ అందులో లేవు.

సరే, మా బండి సంగతి. ఓ ఆదివారం పొద్దున్నే నేనూ, నా కొలీగూ ఔటర్ రింగు రోడ్డు ఎక్కాం. (వేగ పరిమితి దాటలేదు, ప్రమాణపూర్తిగా.) ఫోన్ జీపీఎస్ సెకనుకి ఒక్కసారే వేగం చెబుతుంది, కాబట్టి సెకను అటూఇటూ. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టు వేగాన్ని పూర్ణాంకాల్లోనే ఇస్తుంది. చివరికి నిలకడగా నడుపుతూ మీటర్ని జీపీఎస్‌తో పోల్చి తప్పు ఎంతో పట్టుకున్నాం. మీటర్లో 106 అంటే అసలు 100. తర్వాత వాడు వెనక సీట్లోంచి మీటర్ని వీడియో తీశాడు. సెకనుకి 30 ఫ్రేములు, ఫ్రేములు లెక్కపెడితే సరి. అటూ ఇటూ నడిపి సగటు తీశాం. మూడో గేరులో 60 నుంచి 100కి ఇద్దరమే, ఏసీ లేకుండా: 9 సెకన్లు. తర్వాత టిఫిన్ ఆశ చూపించి ఇంకో ముగ్గురిని ఎక్కించాం, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఏసీ ఫుల్లు: 13 సెకన్లు.

నాలుగు సెకన్లే కదా? 60లో పోతున్న 12 మీటర్ల లారీని, వెనక 15 మీటర్లు ముందు 15 మీటర్లు వదిలి దాటాలంటే మొదటి లెక్కలో సుమారు 8.7 సెకన్లు, రెండో లెక్కలో 10.4. ఎదురుగా బస్సు 80లో వస్తోందనుకుంటే, ఖాళీగా కావలసిన రోడ్డు మొదట 380 మీటర్లు, తర్వాత 450. ఆ తేడా 70 మీటర్లు. ఆరోజు లారీ డ్రైవరు నాకు దానం చేసింది ఇంచుమించు అదే. ఇది పొద్దున్న చల్లటి గాలిలో లెక్క. 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. 15 డిగ్రీలతో పోలిస్తే 8 శాతం తక్కువ, టర్బో లేని ఇంజనుకి శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. పైగా ఆరోజు నేను మూడో గేరులో కూడా లేను, అయిదులో ఉన్నాను. ఆ లెక్క వేయడానికి ధైర్యం చాల్లేదు.

తొంభై ఏళ్ళ పైబడిన ఈ చరిత్రలో నాకు కనిపించింది ఇది. కొలిచే పరికరం ఎప్పుడూ మెరుగవుతూనే వచ్చింది, దేన్ని కొలవాలన్నది మాత్రం గొప్ప చెప్పుకోవడానికి పనికొచ్చే వైపే పోయింది. మన ఆఫీసుల్లో లోడ్ టెస్ట్ చేయకుండా రిలీజ్ చేస్తే వచ్చే నష్టం మహా అయితే ఓ రాత్రి నిద్ర. ఇక్కడ లోడు అంటే అమ్మ, నాన్న, అక్క, వాడూ.

మైలేజి డైరీలో ఇప్పుడు రెండు కొత్త అంకెలున్నాయి, 9, 13. రెండోదాని కింద నాన్న గీత గీశారు. మీ బండిలో అందరూ ఎక్కాక ఎంతో, ఎవరైనా కొలిచి ఉంటే చెప్పండి.